కళ్ళజోడు పెట్టుకుని చదవని కాగితం

నాకు బెంగాలీ చదవడం రాదు. ఈ ఒక్క ముక్క నలుగురిలో చెప్పడానికి నాకు అరవై మూడేళ్ళు పట్టింది. అది చెప్పేనాటికి ఒక మనిషి పోయి నాలుగు నెలలైంది.

మాట్లాడటం రాకేం, దంచేస్తాను. పుట్టిందే ఖరగ్‌పూర్‌లో. మా తాత శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మా నాన్న అక్కడే రిటైరయ్యాడు. నేను న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు బడిలో చదివాను, విశాఖ వెళ్ళి బి.ఏ. చేశాను, తిరిగొచ్చి ఆ బడిలోనే ముప్పై ఏళ్ళు టీచరుగా చేశాను. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, ఆఫీసు కాగితాలేమో ఇంగ్లీషు. బెంగాలీ అంటారా, అది బజార్లో చెవులతో నేర్చుకున్నదే. చేపల దగ్గర బేరమాడితే అమ్మేవాడు నన్ను బెంగాలీ మనిషే అనుకునేవాడు. అది నాకెంత గొప్పో! అక్షరాలు మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. మా వీధిలో నాలాంటివాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. పైకి ఎవరూ ఒప్పుకోరు.

ఎవరైనా బెంగాలీ కాగితం చేతికిస్తే నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. సంచీ వెతికినట్టు వెతికి, "అయ్యో, చొష్మా ఆనిని" అనేదాన్ని. కళ్ళజోడు తేలేదు, కాస్త చదివిపెట్టమని. పాపం వాళ్ళు చదివిపెట్టేవారు. మా ఆయనకి ఈ నాటకం తెలుసు. ఆయన గూడ్సు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు. "నీ కళ్ళజోడుకి తెలుగూ ఇంగ్లీషే కనిపిస్తాయేటే? ఏ కొట్లో కొన్నావో సెప్పు, నానూ ఒకటి కొనుక్కుంటాను" అని ఏడిపించేవాడు. నేను గరిటె చూపించేదాన్ని. అంతవరకూ అదో నవ్వులాట.

ఊళ్ళోనే ఖరిదా పేటలో మేం కట్టుకున్న రెండు గదుల ఇంటి వెనక సందులో ఒక జంట అద్దెకుండేవారు. మా వైపు వాళ్ళే. ఆమె బజారు మొదట్లో ఇడ్లీ బండి పెట్టేది. అతను నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు బాగుచేసే కాంట్రాక్టరు కింద కూలీ. మా ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా అతన్నే పిలిచేదాన్ని. గుమ్మంలోకొచ్చి నిలబడి, "కాళ్ళు కడుక్కుని వత్తాను టీచరమ్మా" అనేవాడు. యార్డు నూనె మసి నా గచ్చుకి అంటుతుందని అతని బెంగ. ఫరవాలేదంటే వినేవాడు కాదు. పెరట్లో గోలెం దగ్గర కూర్చుని, బీటలువారిన ఆ అరికాళ్ళని ఇటుకముక్కతో రుద్ది, ఆరాక గానీ లోపల అడుగుపెట్టేవాడు కాదు. అంత మెత్తటి మనిషి.

యార్డులో ఇత్తడి సామాను పోయిందని ఒకనాడు పొద్దున్న పది గంటలకి, టీ కొట్టు ముందు అందరూ చూస్తుండగా, పోలీసులు ముగ్గుర్ని జీపెక్కించారు. సాయంత్రానికి ఇద్దర్ని వదిలేశారు. ఇతన్ని వదల్లేదు. ఆమె ఆ పూట ఠాణాకి అన్నం క్యారేజీ తీసుకెళ్తే పుచ్చుకున్నారు. మర్నాడు తీసుకెళ్తే, నిన్నటి క్యారేజీ మూత కూడా తియ్యకుండా తిరిగి చేతిలో పెట్టారు. మనిషికి ఒంట్లో బాగోలేదనీ, ఆస్పత్రికి పంపామనీ చెప్పారు. ఆస్పత్రికి పరిగెత్తితే అతను మంచం మీద లేడు. శవాల గదిలో ఉన్నాడు.

అక్కణ్ణుంచి సరాసరి నా దగ్గరికొచ్చింది. ఏడవడం కూడా లేదు. "టీచరమ్మా, ఒక్కదాన్నే ఎల్తే ఆయన్ని నాకు సూపెట్టరంట. సంతకానికి సదువుకున్నోల్ని ఎవుల్నైనా తీసుకురమ్మంటన్నారు" అంది. కాళ్ళకి చెప్పులు ఒకటి ఆమెది, ఒకటి అతనిది. చీర కూడా మార్చుకోకుండా, కళ్ళజోడు పెట్టుకుని బయల్దేరాను.

గది దగ్గరకెళ్ళాక, "నానూ లోనికి వత్తానమ్మా" అంది. నేనే వద్దన్నాను. పోలీసులు కాదు, నేను. "నువ్వొచ్చి గొల్లుమంటే పని జరగదు. కాగితాల సంగతి నాకొదిలెయ్, నువ్విక్కడే కూర్చో" అన్నాను. బడిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు బెంచీ చూపించాను. కూర్చుంది.

లోపల ఠాణా రెండో ఆఫీసరు ఉన్నాడు. ఇక్కడ మేజోబాబు అంటారు. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, దీదీ అని పిలిచి, "బాంగ్లా జానేన్ తో?" అనడిగాడు. బెంగాలీ వచ్చు కదా అని. "కీ బొల్‌ఛేన్, ఎఖానేఇ జొన్మో!" అన్నాను. ఏం మాటలవి, పుట్టిందే ఇక్కడ! ఆ మాట అంటున్నప్పుడు నాకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది. శవం పక్కన నిలబడి గర్వం. ఛీ, ఏం బతుకు నాది!

దుప్పటి తీశారు. ముఖం నిద్రపోతున్నట్టేం లేదు, అదంతా జనం చెప్పుకునే మాట. నోరు కొంచెం తెరిచి ఉంది. దుప్పటి కిందివైపు తొలగించినప్పుడు అరికాళ్ళు కనిపించాయి. నాకు బాగా తెలిసిన కాళ్ళు. వాచిపోయి, పాదం మధ్యలో ఉండే గుంట లేదు. మడమ నుంచి వేళ్ళదాకా నీలంగా, చోట్ల చోట్ల నల్లగా ఉన్నాయి. రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకున్న గీతలు. నేను ఊరుకోలేదు. గట్టిగానే చెప్పాను, అరికాళ్ళు చూడండి, నీలమైపోయాయి, చేతుల మీద గుర్తులున్నాయి అని. మేజోబాబు తలెత్తకుండా, "లిఖ్‌ఛి దీదీ, షొబ్ లిఖ్‌ఛి" అన్నాడు. రాస్తున్నాను, అంతా రాస్తున్నాను అని. కలం కదులుతూనే ఉంది. రాస్తున్నాడనే అనుకున్నాను.

ఇంకో సాక్షి ఆస్పత్రి గేటు దగ్గర పళ్ళమ్ముకునే ముసలాయన. వేలిముద్ర వేసి తన దారిన పోయాడు. తర్వాత రెండు పేజీల కాగితం నా ముందుకొచ్చింది. మనవైపు శవ పంచనామా అంటామే, ఇక్కడ సురతహాల్ అంటారు. "చదువుకోండి దీదీ, చదువుకుని సంతకం పెట్టండి" అన్నాడు. చెయ్యి అలవాటుగా సంచీలోకి వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది, కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

ఒక్క మాట. "బాబూ, నాకు చదవడం రాదు, మీరు చదివి వినిపించండి" అంటే అయిపోయేది. అనలేకపోయాను. ఇక్కడే పుట్టానని ఇందాకే గొప్పగా చెప్పుకున్న నోటితో ఆ మాట రాలేదు. కాగితం తీసుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల నోట్సులు దిద్దినదాన్ని, చదివే మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కళ్ళు ఎడమనుంచి కుడికి నడిపించాను. పేజీ తిప్పాను. ఏదో సరిచూసుకుంటున్నట్టు మళ్ళీ మొదటి పేజీకి వచ్చాను కూడా. చివర ఇంగ్లీషులో సంతకం పెట్టి, కింద రిటైర్డ్ టీచర్ అని రాశాను.

బయటికొచ్చేసరికి ఆమె బెంచీ మీదే ఉంది. లేచి, "దెబ్బలు రాసినారామ్మా?" అనడిగింది.

"రాశారు. నేను చదివాను" అన్నాను.

పోస్టుమార్టం అయ్యాక సాయంత్రం నాలుగింటికి శవాన్ని ఇచ్చారు. సందులో నీళ్ళు పోసేటప్పుడు ఆమే అతని చేతులూ కాళ్ళూ కడిగింది. పసుపు రాస్తూ, రాస్తూ, అరికాళ్ళ దగ్గర చెయ్యి ఆపేసింది. అంతలో ఎవరో వచ్చి, ఇంకోసారి పెద్ద డాక్టర్లతో పరీక్ష చేయించమని కోర్టులో అడగొచ్చు, అప్పటిదాకా దహనం చెయ్యొద్దు అని చెప్పారు. ఆమె అందర్నీ దాటుకుని నా ముఖం చూసింది. "ఏటి సెయ్యమంటారమ్మా? ఉంచాలా?"

"అక్కర్లేదు. కాగితంలో అంతా ఉంది. అతన్నింక కష్టపెట్టకు" అన్నాను.

పొద్దు గుంకకముందే దహనం చేసేశారు.

రెండున్నర నెలల తర్వాత ఆమె మా ఇంటికొచ్చింది. కస్టడీలో మనిషి పోతే మేజిస్ట్రేటు విచారణ జరపాలట. దానికి రమ్మని ఆమెకీ నాకూ నోటీసులొచ్చాయి. ఆమెకి సురతహాల్ నకలు కూడా అందింది. ఆ కాగితం చేతిలో చూడగానే నా నోట్లోంచి అలవాటు మాటే వచ్చింది. "ఉండు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

"అక్కర్నేదమ్మా. నాను సదివేసినాను" అంది.

గుమ్మంలో నిలబడే చదివింది. తడబాటు లేదు, పంతులమ్మ ముందు పాఠం అప్పజెప్పే పిల్ల గొంతు. ఒక్కో వాక్యం బెంగాలీలో చదివి, తెలుగులో చెప్పింది. శరీరం మీద కంటికి కనిపించే గాయాలేమీ లేవు. చేతులు మామూలుగా ఉన్నాయి. పాదాలు మామూలుగా ఉన్నాయి. అనారోగ్యంతో మరణించినట్టు తోస్తోంది. "కింద మీ సంతకం ఉన్నాది" అంది.

అప్పుడు నేనేం అడిగానో తెలుసా? "నీకు బెంగాలీ చదవడం వచ్చా?" అని.

"మా అయ్య గేట్‌మేన్ గదమ్మా. ఆ పక్క తెలుగు ఇస్కూలు నేదు. ఏడో కలాసు దాకా బెంగాలీ ఇస్కూల్లోనే సదివినాను."

పదేళ్ళు ఆమె బండి దగ్గర ఇడ్లీలు కొన్నాను. బేరం లేనప్పుడు గారెలు చుట్టే బెంగాలీ పేపరు ముక్కలు ముందేసుకుని కూర్చునేది. బొమ్మలు చూస్తోందనుకునేదాన్ని. ఏం చదువుకున్నావమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఇడ్లీలమ్ముకునే మనిషిని అడిగేదేముందనుకున్నాను కాబోలు.

"మీరు సదివినానన్నారు గదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. "బెదిరించినారేటి మిమ్మల్ని?" అనడిగింది.

నాకు దారి చూపిస్తోంది, పాపం. అవునంటే సరిపోయేది. అవుననలేదు, కాదనలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి రవికెలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెలన్నర నేను ఇడ్లీ బండి ఉన్న వీధిలో అడుగుపెట్టలేదు. కూరగాయలకి కూడా చుట్టుతిరిగి వెళ్ళేదాన్ని. సందులో ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేసేవారు. ఒకరోజు అన్నాలు తింటుంటే మా ఆయన అన్నాడు, "టీచరమ్మ పోలీసులకి అమ్ముడుపోయిందంటన్నారు. సదవడం రాదని సెప్పుకోడం కంటే అదే నయమేటి నీకు?"

నేను కంచం తోసేశాను. ముప్పై ఏళ్ళు ఊరందరి కాగితాలూ రాసిపెట్టానని అరిచాను. ఒకరి ముందు చెయ్యి చాచనిదాన్నని అరిచాను. ఆయన నా అరుపులయ్యేదాకా ఊరుకుని, "నీకు సిగ్గైతే నానెల్లి సెప్పేదా ఆ పిల్లతో?" అన్నాడు. ఈసారి ఏడిపించడానికి కాదు. అప్పుడు ఏడ్చాను. అతను పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

నా తప్పు నాది, వాళ్ళ తప్పు వాళ్ళది. కాళ్ళతో నడిచి జీపెక్కిన మనిషిని కాళ్ళతో నడిపించి ఇంటికి పంపాల్సిన బాధ్యత తీసుకెళ్ళినవాళ్ళది కాదూ? కానీ నా సంతకం చాటున వాళ్ళు నిలబడ్డారు. అది తొలగించగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అది నాకు తెలుస్తూనే ఉంది, తెలిసీ రోజులు గడిపాను.

విచారణ రోజున కోర్టు గదిలో ఆమె వెనక బెంచీలో కూర్చుంది. నన్ను చూసి తల వంచుకుంది. మేజిస్ట్రేటు నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు అమ్మాయి. ముందు మేజోబాబు చెప్పాడు. దీదీ చదువుకున్నావిడ, కాగితం చేతికిచ్చాను, అయిదు నిమిషాలు చదివారు, మొదటి పేజీ రెండోసారి సరిచూసుకున్నారు, అప్పుడే సంతకం పెట్టారు అన్నాడు. ఆయన అబద్ధమంతా కాగితంలో ఉంది. ఆ పూట నోటితో చెప్పింది మాత్రం నేను చేసి చూపించిందే.

మేజిస్ట్రేటు నన్నడిగింది. నేను బెంగాలీలోనే చెప్పాను, నాకు బెంగాలీ చదవడం రాదని. ఆమె నమ్మలేదు. నమ్మేలా ఉందా మరి, ఆ చెప్పడం కూడా అంత శుభ్రంగా చెప్తిని! బల్ల మీదున్న ఏదో కాగితం నావైపు తిప్పి, "ఇదేమిటో చదవండి" అంది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. అరవై మూడేళ్ళు ఆ అక్షరాల మధ్యే తిరిగాను, రైలు స్టేషను బోర్డు మీద, బస్సు మీద, మందు చీటీ మీద. ఒక్కటి పోల్చుకోలేకపోయాను. గుమస్తా నవ్వాపుకోవడం వినిపించింది. నా చెవులు కాలిపోయాయి.

తర్వాత అంతా చెప్పాను. చదివినట్టు నటించానని చెప్పాను. అరికాళ్ళ సంగతి, రెండు మణికట్ల సంగతి, అవి రాయమంటే మేజోబాబు రాస్తున్నానన్న సంగతి చెప్పాను. చదివానని ఆమెతో అబద్ధమాడానని, దహనం చెయ్యమని చెప్పింది నేనేనని చెప్పాను. చెప్తున్నంతసేపూ వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

గుమస్తా అదంతా బెంగాలీలో రాసి, సంతకం పెట్టమని నా ముందు పెట్టాడు. "చదివి వినిపించండి" అన్నాను. అతను నోరు తెరవబోతే, "మీరు కాదు బాబూ, ఒకసారి అయింది. నా మనిషి చదవాలి" అన్నాను. మేజిస్ట్రేటు ఒక్క క్షణం ఆలోచించి, "మీకెవరున్నారు?" అంది.

అప్పుడు వెనక్కి తిరిగాను. తిరిగాక గానీ నాకు తట్టలేదు, ఆమెని ఏం చదవమంటున్నానో. అప్పటికే ఆమె లేచి నిలబడింది.

మేజిస్ట్రేటు సరేనంది. గుమస్తా పక్కన నిలబడి, ఆమె మొదటినుంచీ చదివింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అరికాళ్ళు రెండూ వాచి ఉన్నాయని చదివింది. నీలంగా, చోట్ల చోట్ల నల్లగా ఉన్నాయని చదివింది. తన మొగుడి ఒళ్ళు, నా మాటల్లో, గుమస్తా రాతలో. కుడి మణికట్టు మీద తాడు గుర్తు అన్న చోట మాత్రం ఆగింది. గుమస్తా వైపు తిరిగి బెంగాలీలో, "అమ్మగారు రెండు చేతులూ అన్నారు. మీరు ఒకటే రాశారు" అంది. మళ్ళీ తనకి తానే చెప్పుకున్నట్టు తెలుగులో, "రెండూను. నాను కడిగినాను గదా" అంది.

గుమస్తా నవ్వలేదు. దిద్ది, పక్కన నాచేత పొడి సంతకం పెట్టించుకున్నాడు. ఆమె చివరిదాకా చదివి కాగితం నా ముందు పెట్టింది. "సరిగ్గా ఉన్నాది. ఎట్టండి" అంది. పెట్టాను.

ఇది జరిగి ఏడాది దాటింది. విచారణ నివేదిక పైకి వెళ్ళిందంటారు. ఎంత పైకో ఎవరూ చెప్పరు. మేజోబాబుకి వేరే ఠాణాకి బదిలీ అయింది. బూడిదని మళ్ళీ పరీక్ష చేసే డాక్టరు ఎక్కడా లేడు. ఎప్పుడడిగినా, సురతహాల్‌కీ నా వాంగ్మూలానికీ పొంతన లేదు, పరిశీలనలో ఉంది అంటారు. ఆ పొంతన లేకపోవడం నా చేతి చలవే.

ఆవేళ కోర్టు మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను. క్షమించమని అడిగాను. తెలుగులో ఉన్న మాటలన్నీ వాడాను. ఆమె చెయ్యి విడిపించుకోలేదు.

"మీరు నాకోసమే వొచ్చినారమ్మా, నాకు తెలుసును" అంది. "కానైతే ఆ పొద్దు నన్ను లోనికి రానిచ్చుంటే, నానే సదివేదాన్ని."